సముద్రం మలుపులో వేసిన జడ

దెయ్యాలు, దేవతలు కనిపించడాలు నేనెప్పుడూ నమ్మలేదు. నర్సీపట్నంలో ఇరవై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. జాకెట్టు కొలతలకని వచ్చి ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే, "చెయ్యి పైకెత్తండి" అని టేపు చుట్టేసేదాన్ని. ఇది నేనే రాశానని తెలిస్తే వాళ్ళు నన్ను ఆడేసుకుంటారు. ఆడుకోనీ.

మా అమ్మకు మూడేళ్ళుగా మతిమరుపు జబ్బు. నన్ను గుర్తుపట్టడం మానేసి ఏడాదైంది. తల్లో దువ్వెన పెడితే చాలు, కొట్టేది. ఆ రోజు పొద్దున్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. జుట్టు చూస్తే పిచ్చుకగూడులా ఉంది. నా ఓపిక చచ్చిపోయింది. "నా వల్ల కాదు, ఎక్కడికైనా పో" అన్నాను. అన్నాను, దాచుకోవడమెందుకు! బస్టాండు దగ్గర ఆటో బేరమాడి వెనక్కి తిరిగేసరికి అమ్మ లేదు.

తమ్ముణ్ణి పిలిచాను. ఇద్దరం బజారంతా గాలించాం. మధ్యాహ్నం చింతపల్లి నుంచి తిరిగొచ్చిన బస్సు కండక్టర్ని అడిగితే, పొద్దున్న ఒక ముసలావిడ ఎక్కిందనీ, చింతపల్లిలో చూసుకుంటే లేదనీ చెప్పాడు. సముద్రం మలుపులో దిగి ఉంటుందన్నాడు.

అది ఘాట్ రోడ్డులో ఒక మలుపు. ఆకాశం తేటగా ఉంటే అక్కణ్ణుంచి సముద్రం కనిపిస్తుందంటారు. నాకైతే ఎప్పుడూ మంచే కనిపించింది. పూర్వం సముద్రపు ఒడ్డు నుంచి ఎండుచేపల గంప మోసుకుని కొండమీది సంతకెళ్ళే ఒకావిడ, మంచులో కూతుర్ని పోగొట్టుకుని అక్కడే కూర్చుండిపోయిందట. అప్పట్నుంచి దారి తప్పినవాళ్ళను, వాళ్ళ మనిషి వచ్చేదాకా ఆవిడ కనిపెట్టుకుని ఉంటుందట. ఆ దారిన పోయేవాళ్ళు అక్కడున్న రాయి ముందు ఒక పచ్చటి రెమ్మ వేస్తారు. డ్రైవర్లు బస్సు ఆపితే ఇప్పటివాళ్ళు కిటికీలోంచి విసిరేస్తారు. పాతకాలంవాళ్ళు దిగి, కళ్ళకద్దుకుని మరీ వేస్తారు. అమ్మ అందుకే దిగి ఉంటుంది. చూసుకోకుండా బస్సు కదిలిపోయింది.

తమ్ముడి బండి మీద వెళ్ళాం. ఆ మలుపుకి ఒక పక్కంతా లోయ. నేను దారి పొడవునా లోయలోకే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ రాయి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒంటి మీద చిన్న గీత లేదు. తల నున్నగా దువ్వి ఉంది. నాలుగు పాయల జడ, చివర అరటినారతో ముడి. ఆముదం వాసన. మా ఇంట్లో కొబ్బరినూనె తప్ప వాడం.

ఎవరు దువ్వారమ్మా అంటే, "మాయమ్మ" అంది.

మా అమ్మమ్మ పోయేనాటికి అమ్మకు పదేళ్ళు.

కొండవాళ్ళెవరో జాలిపడి దువ్వి ఉంటారని తమ్ముడన్నాడు. నేనూ అదే అనుకున్నాను. దగ్గర్లో ఉన్న ఒక్క ఊరికీ వెళ్ళి అడిగాం. ఆ రోజు సంత. ఊళ్ళో నడవలేని ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు.

సాయంత్రం మాకవరపాలెం నుంచి మా పెద్దమ్మ వచ్చింది. అమ్మకు స్వయానా అక్క. చెల్లెలు దొరికిందని సంబరంగా వీపు నిమిరి, జడ చేతిలోకి తీసుకుని అలాగే ఆగిపోయింది. "ఇది మాయమ్మ అల్లికేనే. ఆవిడిది ఎడం సెయ్యి వాటం" అని గొల్లుమంది.

నేను కుట్టుపని చేసే మనిషిని. కుట్టు చూస్తే ఏ చేత్తో కుట్టారో చెప్పగలను. దీపం దగ్గర పెట్టుకుని పాయ పాయా చూశాను. పెద్దమ్మ చెప్పింది నిజమే. ఎడం చేతివాటం వాళ్ళు కొండమీద లేరా అంటే ఉంటారు, కాదనను. కానీ దువ్వెన చూస్తే కొట్టే మనిషి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు అంతసేపు తల వంచుకుని ఎలా కూర్చుంది?

నాలుగో రోజు తలంటుదామని జడ విప్పాను. అమ్మ కదల్లేదు.

"ఎవులమ్మా నువ్వు?" అని అడిగింది.

నీ కూతుర్నమ్మా అన్నాను. రోజూ చెప్పే మాటే. రోజూ తనకు కూతురే లేదని తల అడ్డంగా ఊపేది. ఆ రోజు నా గడ్డం పట్టుకుని మొహంలోకి చూసింది.

"నువ్వేనేటి? తప్పిపోనానని ఏడుస్తంటే మాయమ్మ సెప్పింది. నీకో కూతురుందే, బేగి వొచ్చెస్తాది, అందాకా జడేసుకుందుం రా అని."

నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను. ఏడాదిగా తనకొక కూతురుందన్న సంగతే మా అమ్మకు తెలీదు. ఆ కొండ మీద ఆమెకు నన్ను ఎవరు గుర్తు చేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.