మేనత్త దాచిన చోళ్ళు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బొబ్బిలి సంతలో తెలిసింది. మా ఊరివాడొకడు మేకని బేరమాడుతూ మధ్యలో ఆగి, "ఒరే, మీ అత్త పోనాది, తెలీదేటి?" అన్నాడు. మళ్ళీ బేరంలో పడ్డాడు. వాణ్ణి తప్పుపట్టను. గరివిడి చుట్టుపక్కల గనుల ఊళ్ళలో చావు కబుర్లు ఇలాగే నడుస్తాయి, పనుల మధ్య.

మీరెవరూ ఆవిణ్ణి ఎరగరు. ఎరగాలి. "గనుల్ని జాతీయం చెయ్యాలి" అని మన నాయకులు మైకుల్లో గొంతు చించుకుంటే, ఆ మాటని నిజంగా నమ్మిన మనిషి మా అత్త.

ఊరికి ఉత్తరాన ఆవిడకో మెట్టచేను ఉండేది. మావయ్య పోయాక ఒంటిచేత్తో చోళ్ళూ కందులూ పండించి కూతుర్ని పెంచింది. ఆ చేను కింద మాంగనీసు రాయి ఉందని తేలింది. పైమట్టి నీదే గాని కిందిది సర్కారుది, సర్కారు దాన్ని సాహుకారుకి లీజుకిచ్చింది అన్నారు. పరిహారమని ఏదో చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్నారు. మర్నాడే పలుగులు దిగాయి.

అయినా అత్త విత్తనం దాచడం మానలేదు. ఏటా పక్కవాళ్ళ కళ్ళానికి వెళ్ళి, పాత చోళ్ళు ఇచ్చి కొత్తవి తెచ్చుకునేది. బూడిద కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటకెక్కించేది. అంబలికి పిండి లేని రోజున కూడా ఆ కుండ దించలేదు. "ఇత్తనం తిన్నోడికి సేనుండదు" అనేది. ఇప్పుడు మాత్రం ఉందేమిటత్తా అని ఆటపట్టిస్తే చేతిలో ఏదుంటే అది నా మీదికి విసిరేది.

ఎన్నికలప్పుడు నాయకుడొకాయన వచ్చి, గనుల్ని జాతి సొత్తు చేస్తామన్నాడు. ఆడవాళ్ళ మధ్యలోంచి అత్త లేచింది.

"బాబూ, ఆ జాతిలో నానున్నానా?"

"నువ్వు లేకపోతే జాతెక్కడిదమ్మా!"

చప్పట్లు మోగాయి. ఆ పూట ఆయన అత్త ఇంట్లోనే కందిపప్పుతో భోంచేశాడు. కుండ సంగతి విని, "నీ చేను నీకొచ్చిన నాడు తొలి దుక్కికి నేనే వస్తాను" అన్నాడు.

నేను చెప్పి చూశాను. "సర్కారు తీసుకున్నా తవ్వుతాదే గాని దున్నుతాదా, అత్తా?"

"సర్కారుకి ఓటేసినాన్రా. ఇవ్వకపోతే దింపుతాం. సాహుకారిని ఏటేసి దింపుతాం?"



మొన్న బ్యాంకుల్ని సర్కారు తీసుకున్నప్పుడు అత్త వీధంతా తిరిగి చెప్పింది, ఇక గనుల వంతేనని. నాగలికి కొత్త కర్రు వేయించింది.

దసరా వెళ్ళాక నాయకుడు మళ్ళీ వచ్చాడు. ఈలోగా గనిలో రాయి మోసే లారీలు ఆయనవయ్యాయి. తొందరపడి జాతీయం చేస్తే కూలీల నోటిదగ్గర కూడు పోతుందన్నాడు. అత్త లేచి, "అప్పుడు సెప్పిన నోరేనా బాబూ ఇది?" అంది. ఎవరో చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టారు. ఆయన ఆవిణ్ణి ఎన్నడూ చూడనట్టు మాట సాగించాడు. అన్నం తిన్న ఇల్లు! తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ చలికాలమే అత్త మంచం పట్టింది. అందరూ జ్వరమన్నారు. నేను అనుకోను.

పెద్దకర్మ నాడు ఆయన జీపులో దిగాడు. పదిమందిలో నిలబడి, "ఇలాంటి తల్లులే జాతికి బలం" అన్నాడు. అత్త కూతురు లోపలికెళ్ళి, అటక మీది కుండ దించి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది.

"తొలి దుక్కికి వస్తానన్నారు. మాయమ్మ సేను ఎప్పుడొస్తే అప్పుడు సల్లండి."

అందరూ చూస్తున్నారు. కాదనలేక పుచ్చుకుని డ్రైవరుకి అందించాడు.

మర్నాడు పొద్దున్న బస్సు కోసం నడుస్తుంటే, గని రోడ్డు మలుపులో కుండపెంకులు కనిపించాయి. నల్లటి దుమ్ములో చోళ్ళు చెదిరి ఉన్నాయి. గుప్పెడు ఎత్తి ఊదాను. బూడిద పోయి ఎర్రగా, కొత్తగా ఉన్నాయి. రెండో గుప్పెటకి వంగేసరికి, రాయి నింపుకున్న లారీ వెనకనించి హారను కొట్టింది.

తప్పుకున్నాను.