డ్రైవర్ తిన్నగా పోయుంటే

ఇస్త్రీ చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాక గానీ రిటైరైన డ్రైవర్‌కు గుర్తు రాలేదు, ఆదివారం వాదనకు అవతలి మనిషి లేడని. కండక్టర్ పోయి నెల కావస్తోంది. అయినా కాళ్లు ఆగలేదు. రోడ్డు దాటి ఆ ఇంటి మెట్లెక్కాడు.

ఇద్దరూ పాతికేళ్లు ఒకే బస్సు మీద పనిచేశారు. కండక్టర్‌కు చరిత్ర పిచ్చి. ఒకనాడు డిపో విశ్రాంతి గదిలో మొదటి ప్రపంచ యుద్ధం కథ ఎత్తాడు. యువరాజు కారు డ్రైవర్ దారి తప్పి పక్క వీధిలోకి తిప్పాడట. వెనక్కి తీయబోయి బండి ఆపిన చోటే హంతకుడు నిలబడి ఉన్నాడట. ఆ డ్రైవర్ తిన్నగా పోయుంటే యుద్ధమే లేదని తేల్చేశాడు. వింటున్న మన డ్రైవర్‌కు ఒళ్లు మండింది.

"ఏం జరిగినా డ్రైవర్ మీదికే తోస్తారేంట్రా? దేశాలన్నీ కత్తులు నూరుకుని కూచుంటే, పాపం స్టీరింగుదా?"

ఆ గొడవ ఇక చల్లారలేదు, రిటైరయ్యాక కూడా ప్రతి ఆదివారం కండక్టర్ ఇంట్లో సాగింది. కండక్టర్ ఒక నియమం పెట్టాడు: జరిగినదాంట్లో ఒక్కటే మార్చాలి, మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచాలి, అప్పుడేమయ్యేదో చెప్పాలి. ఓ వారం కారు మలుపు మార్చేవాడు. ఇంకో వారం యుద్ధం వద్దని రాజులు పంపుకున్న టెలిగ్రాం ఒక పూట ముందే చేరవేసేవాడు. ఒకసారి యుద్ధానికి పట్టుబట్టిన మొండి మంత్రికి జ్వరం కూడా తెప్పించాడు. కండక్టర్ చేతిలో ప్రతిసారీ యుద్ధం ఆగిపోయేది. డ్రైవర్ దాన్ని మళ్లీ మొదలెట్టేవాడు. ఎండుగడ్డి అక్కడే ఉన్నాక ఈ నిప్పురవ్వ కాకపోతే ఇంకోటి అనేవాడు. పెళ్లాం పోయి, పిల్లల్లేని డ్రైవర్‌కు వారమంతటికీ అదొక్కటే మాటామంతీ.

కండక్టర్ భార్య కుర్చీ చూపించింది. ఆయన కూచునే ఎదురు కుర్చీ నిండా మడతపెట్టిన బట్టలున్నాయి. మంచినీళ్లిచ్చి అక్కడే నిలబడిపోయింది. పోయిన రోజు ఉదయం ఆయన గుండెలో మంటగా ఉందంటే, తిన్నది అరగలేదేమో, కాసేపు పడుకోమని తనే చెప్పిందట. మధ్యాహ్నం లేపబోతే లేవలేదు.

"అన్నయ్యగారూ, ఆ ఒక్క మాటే మార్చి చూడండి. పడుకోమనకుండా ఆసుపత్రికి పదమని ఉంటే?"

డ్రైవర్ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. నియమం ప్రకారమే అడిగింది. ఒక్కటే మార్చింది. ఆసుపత్రి వీధి చివరే ఉంది. కండక్టర్ అయితే ఆలోచించకుండా చెప్పేవాడు, బతికేవాడని. డ్రైవర్‌కూ అలాగే అనిపించింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వాడి మాట నిజమనిపించలేదు, ఇప్పుడు తప్ప.

"ఏమీ మారేది కాదమ్మా. ఆ పూట కాకపోతే ఇంకో పూట. లోపల ఎప్పుడో పాడైంది."

"మీ యుద్ధంలాగానా?"

"అచ్చం అలాగే."

"ఆయన ఒప్పుకునేవారు కాదు."

"వాడు దేనికి ఒప్పుకున్నాడు గనక."

ఆమె నవ్వబోయి పైటతో కళ్లొత్తుకుంది. తర్వాత బట్టలు తీసి లోపల పెట్టి, కుర్చీ ఖాళీ చేసింది.

మరుసటి ఆదివారం డ్రైవర్ ఆ ఇంటికి వెళ్లలేదు. ఆమె మళ్లీ అడిగితే అదే మాట అంత గట్టిగా అనగలనన్న నమ్మకం ఆయనకు లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తామిద్దరూ పనిచేసిన పాత రూటు బస్సెక్కాడు. చివరి స్టాపు దాకా వెళ్లి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చాడు.