సుంకమ్మ స్టూలు గురించి నేను రాసిన చీటీ

మూడేళ్ల కిందట, ఉగాది వెళ్లిన వారం, రాయదుర్గంలో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరాను. పాప పుట్టాక మానేశాను. అక్కడ జరిగిన ఒక సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం తగ్గదు. అందులో సగం నా మీదే.

క్లినిక్ యజమాని అక్యుపంక్చర్ చేసేవారు. జీన్స్ కుట్టే యూనిట్ల నుంచి తలనొప్పితో ఆడవాళ్లు వస్తే, ముందు ఆయన సూదులు పెట్టేవారు, తర్వాత నేను మెడ, భుజాలు చూసేదాన్ని. సూదులను తప్పుపట్టను. చాలామందికి రెండు రోజులైనా తెరిపి ఉండేది.

సుంకమ్మ నలభై దాటిన మనిషి. ప్యాంట్లకు నడుము పట్టీలు కుట్టేది. నుదుటి చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు నొప్పి అంది. ఇలాంటివారిని మేం మొదట కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతాం: నొప్పి హఠాత్తుగా మొదలైందా, వాంతులున్నాయా, చూపు మసకబారుతోందా, చెయ్యి తిమ్మిరెక్కుతోందా అని. ఒక్కదానికి అవునన్నా పెద్దాసుపత్రికి పంపాలి. ఆమెకు అవేవీ లేవు. మెడ వెనక, భుజాల మీద కండరాలు రాయిలా ఉన్నాయి. కండరాలు బిగుసుకుని వచ్చే టెన్షన్ తలనొప్పి.

"సూదులేసినంక రెండు దినాలు బాగుంటాది మేడం. మల్లా మిషన్ కాడ కూసుంటే మొదలు."

ఎలా కూర్చుంటావో చూపించమన్నాను. భుజాలు చెవుల దాకా లేచాయి. స్టూలు పొట్టిది, మిషన్ బల్ల ఎత్తు. కత్తిరించగా మిగిలిన జీన్స్ ముక్కలు మడిచి స్టూలు మీద వేసుకుంటే, చూడ్డానికి బాగాలేదని సూపర్‌వైజర్ తీసేయించాడట.

మెడ, భుజాల వ్యాయామాలు నేర్పాను. తర్వాత తప్పు చేశాను. స్టూలు నాలుగు అంగుళాలు ఎత్తు పెంచాలని, గంటకోసారి లేచి నిలబడనివ్వాలని క్లినిక్ చీటీ మీద రాసి, సూపర్‌వైజర్‌కు ఇవ్వమని ఆమె చేతికే ఇచ్చాను.

నాలుగో రోజు ఆమె వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నొప్పి తియ్యమంటే పని తీసేసినావు కదమ్మా," అంది. "పదకొండేండ్లు ఆ మిషన్ మీద ఉండా. ఇప్పుడు నిన్న మొన్న చేరినోళ్ల పక్కన దారాలు కత్తిరించమన్యాడు."

కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని నేల మీద కూర్చుని చేసేది. రోజంతా తల వంచుకునే ఉండాలి. ఆ మెడకు అంతకన్నా చెడ్డ పని లేదు.

ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకుని యూనిట్‌కు వెళ్లాను. సూపర్‌వైజర్ నవ్వాడు. "ఏమ్మా డాక్టరమ్మా, మా మిషన్లకీ సూదులు గుచ్చేదానికి వచ్చినావా?"

స్టూలు, బల్ల కొలిచి చూపించాను. అతడు కాదనలేదు. "నువ్వు చెప్పేది నిజమేలేమ్మా. ఒకామెకి ఎత్తితే రేపు లైనంతా అడుగుతారు. యాడినుంచి తెచ్చేది?"

మరి ఆమెను మిషన్ మీద నుంచి ఎందుకు తీశావన్నాను. "నొప్పి అని చీటీ తెచ్చింది ఆమే కదా! అందుకే తేలిక పని ఇచ్చినా."

నాకు ఒళ్లు మండింది. తెలియనివాడికి నచ్చజెప్పవచ్చు. ఇతడికి అంతా తెలుసు.

తిరిగొచ్చేసరికి యూనిట్ నుంచి మా క్లినిక్ యజమానికి ఫోన్ వచ్చేసింది. మన పని పరీక్ష బల్ల దగ్గరే ముగియాలని కోప్పడి, సుంకమ్మకు మరో నాలుగుసార్లు సూదులు రాశారు. నేను ఆయనతో మాట్లాడకుండా ఇంకో కాగితం రాశాను: తల వంచి చేసే పని ఈమెకు పనికిరాదు, మిషన్ పనికి అడ్డు లేదు. ఈసారి నేనే తీసుకెళ్లి యూనిట్ మేనేజర్ చేతికిచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకున్నాను.

వారానికి ఆమెను మళ్లీ మిషన్ మీద కూర్చోబెట్టారు. అదే స్టూలు మీద.

వ్యాయామాలు చేస్తున్నావా అని అడిగాను. "చేస్తాండా. స్టూలు మాట మాత్రం ఎత్తద్దమ్మా, నీకు దండం పెడతా," అంది.

రోగం ఎందుకొచ్చిందో రాసిన కాగితం పని ఇచ్చేవాళ్ల దృష్టిలో ఫిర్యాదు. దాన్ని రోగి చేతికిచ్చి పంపకూడదు. సంతకం పెట్టినవాళ్లే తీసుకెళ్లాలి. ఆ ధైర్యం లేకపోతే, మన సూదులూ వ్యాయామాలూ నొప్పిని వాయిదా మాత్రమే వేస్తాయని రోగికి ముందే చెప్పాలి.