తుమ్మబెరడులో ఎర్రరంగు

మొన్న మా కోడలు పళ్లపొడి డబ్బా ఒకటి కొనుక్కొచ్చి, నల్లతుమ్మ బెరడుతో చేసిందట మావయ్యగారూ అంటూ నా చేతిలో పెట్టింది. తుమ్మపుల్లతో పళ్లు తోముకున్న మన తరానికి ఆ వగరు కొత్త కాదు. నాకైతే దానితో ఇంకాస్త దగ్గరి చుట్టరికం ఉంది.

తొంభైల చివర్లో, గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే, నలభైకి దగ్గరపడ్డ వయసులో పరిశోధనకు చేరాను. తుమ్మబెరడులో ఏయే పదార్థాలున్నాయో, తోళ్లు పదును చేయడానికీ చిగుళ్లకూ అవి ఎందుకు పనికొస్తున్నాయో తేల్చడం నా పని. బెరడు పట్టుకుని బిరుదు కోసం తిరుగుతున్నానని మా ఆవిడ నవ్వేది. మాకు దారి చూపే మాస్టారికి రిటైర్మెంటు ఆర్నెల్లే ఉంది. వెళ్లేలోగా ఒక్క కొత్త పదార్థానికైనా పేరు పెట్టాలని ఆయన కోరిక.

ఎండిన బెరడును మా ఊళ్లో మేనమామ మరలో ఆడించి తెచ్చాను. ఆ పొడిని ద్రావకంలో నానబెట్టి, దిగిన సారాన్ని నిలువు గాజుగొట్టంలో పోసి విడదీస్తుంటే, ఒకనాడు నిగనిగలాడే ఎర్రటి పట్టీ కనిపించింది. తుమ్మలో అలాంటి ఎరుపును ఎవరూ చూడలేదు. మాస్టారు పసిపిల్లాడిలా గొట్టం చుట్టూ తిరిగారు. ఆ వారమంతా ల్యాబులో అందరం దగ్గుతూనే ఉన్నాం. మిర్చి యార్డులో సీజను కదా, గాలికి కొట్టుకొస్తోందనుకుని కిటికీలు మూసేశాం. ఘాటు మూసిన గదిలోనే ఉందని మా గుంటూరు ముక్కులకు తట్టలేదు. తుమ్మ అన్నాక తుమ్ములు తప్పవులే అని నేను జోకు కూడా వేశాను.

నమూనా హైదరాబాదు పంపిస్తే పరీక్షల కాగితాలు రావడానికి నెలలు పట్టే కాలం అది. ఈలోగా మాస్టారు ఆ రంగుకు పేరు ఖాయం చేసి, సదస్సుకు వ్యాసం టైపు చేయించి, కవరు మీద చిరునామా కూడా రాశారు. ఆ ఆదివారం ఊరెళ్లి మావయ్యకు గొప్పగా చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు.

“ఒరేయ్ అల్లుడూ, ఎరుపు తుమ్మదేంట్రా! నీ బెరడుకు ముందు రెండు టిక్కీల ఎండుమిరపకాయలు ఆడించా. ఆగరా, మర శుభ్రం చేస్తానంటే, బస్సు పోతుంది, పోసెయ్ మావయ్యా అన్నది నువ్వు కాదూ?”

కారం ఆడించాక ఇంకేది పోయాలన్నా ముందు దోసెడు తవుడు వేసి తిప్పి పారేస్తారని మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. తెలియంది పరిశోధకుడికే.

సోమవారం మాస్టారి గది తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కవరు బల్ల మీదే ఉంది. నోరు మూసుకుంటే ఆయన సంతోషంగా రిటైరవుతారు, హైదరాబాదు కాగితాలు వచ్చి నిజం చెప్పేనాటికి ఇంట్లో ఉంటారు అనే పాడు ఆలోచన కూడా రాకపోలేదు. చివరికి తలవంచుకుని చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. కవరు చించి, కాగితాల వెనక తెల్లగానే ఉంది, లెక్కలు వేసుకో అంటూ నా చేతికిచ్చారు.

“పోస్టులో పడకముందే చెప్పావు, చాల్లేవయ్యా. ఎక్కడైనా రోలుందేమో చూడు, ఈసారి మనమే దంచుదాం.”

చొక్కా చేతులు మడిచి ఆయన కూడా దంచారు. ఈసారి ఎరుపు లేదు, తోళ్లు పదునుచేసే వాళ్లందరికీ ఎప్పటినుంచో తెలిసిన వగరే వచ్చింది. మాస్టారు దేనికీ పేరు పెట్టకుండానే రిటైరయ్యారు. నా బిరుదు మరో రెండేళ్లకు వచ్చింది.

తర్వాత నా దగ్గరా పిల్లలు పరిశోధన చేశారు. అప్పటికి యంత్రంలో చుక్క వేస్తే, బెరడులో మిరపకాయ కలిసిందో లేదో కాసేపట్లో అదే చెప్పేసేది. మంచిదే. పిల్లలు తప్పుల్ని దానితోనే తేల్చుకుని, సరిదిద్దుకున్నాకే నా దగ్గరికి వచ్చేవాళ్లు. నా గది తలుపు దగ్గర తలవంచుకుని నిలబడ్డవాళ్లు ఒక్కరూ లేరు. ‘చెప్పావు, చాల్లేవయ్యా’ అని మాస్టారు ఆనాడు నాతో అన్న మాట ఇంకొకరితో అనే అవకాశం నాకు రానేలేదు.