మామ తాగని సారాయి

మా మామ జన్మలో సారాయి చుక్క ముట్టలేదు. ఆ రోజుల్లో, మైకు నా చేతిలో ఉన్నప్పుడే, ఈ ఒక్క మాట అనేసి ఉంటే ఇప్పుడు ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు. అనలేదు. చాలా ఏళ్లు అనలేదు. కోడుమూరులో మా చర్చి సంఘంవాళ్లు మొన్న మొన్నటిదాకా మామ ఎదురుపడితే, “ఎట్లాంటోడు ఎట్లయినాడు చూడు” అని మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలులో మొదటి సగం నేను కల్పించింది. రెండో సగం మాత్రం వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ నిజం.

అప్పట్లో మా సంఘంలో సాక్ష్యం లేని కుర్రవాడు సైకిలు లేని కుర్రవాడికంటే తక్కువ. ఆదివారం పాటలు అయ్యాక, పాస్టరు అయ్యగారి వాక్యానికి ముందు, ఎవరైనా లేచి దేవుడు తమను ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చాడో చెప్పాలి. అసలు రుచంతా ఆ ‘ఎక్కడి నుంచి’లోనే ఉండేది. లారీ అన్న అని ఒక డ్రైవరు ఉండేవాడు. ఆయన పాత జీవితంలో కోళ్ల దొంగతనం, జైలు, కత్తిపోటు అన్నీ ఉన్నాయి. ఆయన లేచాడంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపి వినేవారు. (ఏడాదికేడాది ఆ కత్తి కొంచెం పొడుగవుతోందని మా అత్త అనుమానం.) నేనేమో డిగ్రీ పాసై, ఉద్యోగం రాక, ఆరాధనలో గిటారు వాయిస్తూ తిరిగేవాణ్ణి. నా పాపాలు నాకే నచ్చేవి కావు. ఒకసారి ధైర్యం చేసి లేచి, చిన్నప్పుడు బడికని చెప్పి సినిమాకు పోయేవాణ్ణని కన్నీళ్లతో ఒప్పుకున్నాను. ముందు వరసలో ఒక అవ్వ ఇంకా ఏమైనా వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసి, “అంతేనా నాయనా? కూచో అయితే,” అంది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. సేద్యం చేసేవాడు. చిన్నప్పుడు ఎద్దు తొక్కితే విరిగిన కాలు సరిగా అతకలేదు. నడిస్తే రెండు పక్కలకీ ఊగేవాడు. సంఘంలో ఆయనకు ఉన్నది ఒకే ఒక్క పని, అదంటే ప్రాణం. క్రీస్తు చివరి విందు గుర్తుగా సంఘమంతా పంచుకునే ప్రభువు బల్లకు ద్రాక్షరసం కాచడం. కర్నూలు నుంచి నల్లద్రాక్ష తెప్పించి, ఒక్కొక్క పండూ కడిగి, కుండలో కాచి, ఉతికిన తెల్లబట్టలో వడగట్టేవాడు. ఆ పూట వంటింట్లోకి అత్తకు కూడా ప్రవేశం లేదు. బట్ట పిండుతూ తనలో తాను ఒక పాట పాడుకునేవాడు. సంఘపెద్దగా ఉండమని అయ్యగారు అడిగితే, “నాకీ కుండ చాలయ్యా” అన్నాడట.

ఆ ఏడు ఊరి బయట పందిరి వేసి సభలు పెట్టారు. కోస్తా నుంచి పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. యువకుల తరఫున సాక్ష్యం నన్ను చెప్పమన్నారు. నా ఖర్మకొద్దీ నాకు ముందు లారీ అన్న చెప్పి దిగాడు. జనం ఇంకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు నేను సినిమా సంగతి ఎత్తితే ఎంత పలుచనవుతానో అర్థమైంది. నా నోరు నన్నడగకుండానే, “మా మామ పెద్ద తాగుబోతు” అంది. పందిరంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఎంత రుచించిందంటే ఇక ఆగలేకపోయాను. తూలుకుంటూ ఇంటికొచ్చేవాడన్నాను. అత్తను కొట్టేవాడన్నాను. అన్నం గిన్నె వాకిట్లోకి విసిరేవాడన్నాను. (మా ఇళ్లల్లో గిన్నెలు విసిరే అలవాటు ఒక్క అత్తకే ఉండేది.) పసివాణ్ణయిన నేను మంచం కింద దూరి ప్రార్థిస్తే దేవుడు ఆయన్ను మార్చాడన్నాను. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అంత బాగుంది.

అంతటితో అయిపోయి ఉంటే వేరు. ప్రసంగీకుడు నా చేతిలోంచి మైకు తీసుకుని, “ఆ మామగారు ఇక్కడే ఉన్నారా తమ్ముడూ? లేవండి అన్నా! దేవుని మహిమ కోసం ముందుకు రండి!” అన్నాడు. మామ రెండో వరసలో ఉన్నాడు. నావైపు చూశాడు. నేను మైకు తీగవైపు చూశాను. ఆయన మెల్లగా లేచి, అటూ ఇటూ ఊగుతూ వేదికదాకా నడిచి వచ్చాడు. నా మాట నమ్మనివాళ్లు కూడా ఆ నడక చూసి, ఎద్దు సంగతి మరిచి, నమ్మేశారు. ఆయన చేతులు జోడించి, “దేవునికి స్తోత్రం” అని మాత్రం అన్నాడు. పందిరి చప్పట్లతో దద్దరిల్లింది.

ఇంటికి పోయే దారిలో అత్త గొంతు ఆ మైకును మించిపోయింది.

“నన్ను కొట్నాడంటనా? ఈ మనిషా? దోమ వాల్తే ఊదుతాడు గానీ కొట్టడు! నేనే ఈయప్పను కొట్నానని చెప్పింటే ఊరూ నమ్మేది, నాకూ మర్యాద ఉండేది!”

“పోనీలేవే, పిల్లోడు మైకు జూసి బెదిరినాడు.”

“బెదిరినోడు అంత వివరంగా చెప్తాడా?”

“కాదని చెప్పకపోతివి మామా?” అన్నాను, తప్పు ఆయనదే అన్నట్టు.

“అంతమందిలో మా అక్క కొడుకును అబద్ధాలోడని అనాల్నా? నన్ను తాగుబోతంటే కొన్ని దినాలు అనుకుంటారు, మర్చిపోతారు. నువ్వు అబద్ధాలోడివని తేలితే, రేపు నువ్వు నిజంగా ప్రార్థన జేసినా ఎవురూ ఆమెన్ అనరు గదప్పా.”

వచ్చే ఆదివారం లేచి నిజం చెప్పేస్తానన్నాను. ఆ ఆదివారం నాకు జలుబు చేసింది. ఆ పై ఆదివారం కూడా తగ్గలేదు.

జలుబు తగ్గేలోపే సంఘపెద్ద ఒకాయన మామ ఇంటికి వచ్చాడు. నేను గడపలో కూర్చుని మురుకులు తింటున్నాను. “ఏమనుకోవద్దప్పా. నువ్వు మారినావు, కాదన్లే. కానీ సైతాను ఊరికే ఉంటాడా? ద్రాక్షల కాడ నిన్ను ఒంటరిగా ఇడిసేది మంచిది గాదు. ఈసారి నుంచి మా ఇంట్లో కాస్తారు,” అన్నాడు. మామ లోపలికి పోయి కుండ, బట్ట తెచ్చి ఇచ్చాడు. “మంచిదేలేన్నా. శనివారం కాయండి, ముందర్నే కాచి పెట్టగాకండి. ఎండలకు పులిసి పొంగుతాది,” అన్నాడు. సంఘపెద్ద ఆయన్ను అనుమానంగా చూసి, “శానా తెలుసే నీకు ఈ సంగతులు!” అన్నాడు. నా నోట్లో మురుకు ఉంది. అది లేకపోయినా మాట వచ్చేది కాదేమో.

వాళ్లింట్లో వారం ముందే కాచి మూలన పెట్టారు. ఆ ఆదివారం బల్ల దగ్గర అయ్యగారు మొదట రుచి చూసి దగ్గారు. ముందు వరస అవ్వ గిన్నె దించి, “ఇంగొంచెం పొయ్యి నాయనా, ప్రాణం లేచొచ్చింది,” అంది. అందరూ ఒక్కసారిగా తిరిగి మామవైపు చూశారు. ఆ కుండ ఆయనదే కదా!

ఇక్కడి నుంచి మామ గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. ఊళ్లో ఆడవాళ్లు తాగే మొగుళ్లను రెక్క పట్టుకుని ఆయన దగ్గరికి తీసుకురావడం మొదలుపెట్టారు. ‘మానినోడు’ కదా, ఉపాయం తెలిసి ఉంటుందని. మామ ఎవరినీ పంపేసేవాడు కాదు. మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చి, వాళ్ల ఏడుపంతా వినేవాడు. “నువ్వెట్ల మానినావన్నా?” అని అడిగితే, “మొదలే పెట్టుకోకపోతే శానా సులువప్పా,” అని ఉన్న నిజం చెప్పేవాడు. వాళ్లు అది హాస్యం అనుకుని నవ్వేవారు, మర్నాడు మళ్లీ వచ్చేవారు. కొందరు నిజంగానే మానేశారు. నేను అంటించిన మరకను ఆయన తుడుచుకోలేదు సరికదా, దాంతోనే ఇంకొకరికి పనికొచ్చాడు. పుస్తకాల్లో క్రీస్తు సహనం గురించి నేను చాలా చదివాను. మనిషిలో చూసింది మాత్రం ఆ మంచం దగ్గరే.

తర్వాత నాకు తుమ్మలపల్లె గనిలో ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నా విశ్వాసం గిటారు దాటి గుండెలోకి దిగింది. దిగేకొద్దీ ఆ అబద్ధం బరువెక్కింది. ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ దాన్ని దేవుడి ముందు పెట్టేవాణ్ణి, లేచేటప్పుడు మళ్లీ చంకలో పెట్టుకుని తెచ్చుకునేవాణ్ణి. చివరికి ప్రభువు బల్ల ముట్టడం మానేశాను. ఈమధ్య మామా అత్తా కొన్నాళ్లు ఉండిపోదామని మా ఇంటికి వచ్చారు. ఆదివారం గుడిలో ద్రాక్షరసం గిన్నెల పళ్లెం నాదాకా రాగానే పక్కవాడికి అందించాను. సాయంత్రం వసారాలో మామ అడిగాడు.

“ఏమప్పా, గిన్నె నీదాకా వచ్చింది గదా, ఎందుకు పక్కకిచ్చినావు?”

“నాకు అర్హత లేదు మామా.”

“ఎవురు జెప్పినారు?”

ఎందుకో చెప్పాను. ఆయన ముందు నవ్వాడు.

“ఆ సంగతా! నేను ఆ పొద్దే ఇడిసిపెట్నా. దేవుడు నువ్వడిగిన పొద్దే ఇడిసిపెట్టింటాడు. ఇంగ నువ్వొక్కడివే పట్టుకోనుండావు. ఏం, ఆయనకంటే నీకు న్యాయం ఎక్కువ తెలుసునా?”

నాకు ఏడుపొచ్చింది, ఈసారి మైకు లేకుండానే. లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. “నేను ఇడిసిపెట్టలే! నన్నూ కలపగాకండి!” కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది. “నన్ను కొట్నాడనింది పోనీరా. కుండ తీసకపోయిన పొద్దు ఈయప్ప కూడు ముట్టలే. కడుపులో బాగలేదనె. ఆ తర్వాత ఒక్కనాడూ బట్ట పిండుతా పాడే ఆ పాట పాడలే. నీకు దెలీదు. నేను జూసినా.”

మామ తల దించుకున్నాడు. “అది ఇప్పుడెందుకే,” అన్నాడు, అంతే. దేవుడు క్షమించాడన్నది నమ్మడానికి నాకు అన్నేళ్లు పట్టింది. నమ్మిన మరుక్షణమే తెలిసింది, దేవుడి ముందు ఏడుస్తూ మనుషుల నుంచి దాక్కోవడానికి ఇక చోటు లేదని.

వాళ్లను దిగబెట్టడానికి కోడుమూరు పోయి, ఆదివారం సాక్ష్యం చెబుతానని అడిగాను. అప్పటి సంఘపెద్ద లేడు. ద్రాక్షరసం ఇప్పుడు సీసాల్లో వస్తుంది, నేను తిరిగి ఇప్పించడానికి ఆ పని కూడా మిగల్లేదు. లేచి నిలబడితే గిటారు మెడలో వేసుకుని తిరిగిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెప్పుకోదగ్గ పాపం ఒకటి దొరికితే చాలని ఎంత ఆరాటపడ్డాడో! మైకు పట్టుకున్న ఆ క్షణంలోనే అది దొరికిపోయిందని వాడికి తెలియలేదు పాపం. వాణ్ణి ఇక తిట్టబుద్ధి కాలేదు. వాడు చెప్పిన కథంతా అబద్ధమని సంఘానికి చెప్పి, రెండో వరసవైపు తిరిగాను.

“మామా, కుండ అడగనీకి పెద్దాయన వచ్చినప్పుడు నేను గడపలోనే కూచోనుంటి. ఒక్క మాట అనింటే నీ పని నీకుండేది. నా పరువు చూసుకోని నీ పేరు ఇడిసిపెట్నా. తప్పు జేసినా మామా, నన్ను క్షమించు. అత్తా, నువ్వు గూడా.”