దోసిట విత్తనం

మొన్న సాయంత్రం అనంతపురం గ్రంథాలయంలో ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గర పేపరు తిరగేస్తుంటే కిటికీలోంచి తడిసిన ఎర్రమట్టి వాసన వచ్చింది. చుట్టూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలు తల ఎత్తలేదు గానీ, నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేశాను. మన ఈడు వాళ్లకు ఆ వాసన తగిలాక అక్షరాలు కనబడవు, చేలు కనబడతాయి. మబ్బు పట్టిన శింగనమల దారి, తడి ఆరేలోగా ఎద్దులు కట్టాలన్న తొందర, ఆ తొందరలో కొంగు నడుముకు దోపుకుని అందరికన్నా ముందు నడిచే మా మేనత్త.

బోరు మీద బోరు వేసినా నీళ్లు పడక, ఆ దిగులుతో మామ తన ప్రాణం తానే తీసుకున్నప్పుడు అత్తది చాలా చిన్న వయసు. అప్పటి ఆచారం ప్రకారం ఆమెను వెలుతురు రాని మూలగదిలో కూర్చోబెట్టారు. ఎవరికీ ఎదురు రాకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా విత్తనం ముట్టకూడదు, మొగుడు పోయిన ఆడదాని చెయ్యి తగిలితే అది మొలవదని మా వైపు గట్టి నమ్మకం. తొలకరి వాన పడి గోడ అవతల ఎద్దుల గంటలు వినబడుతుంటే ఆమె గదిలోనే ఉండిపోయింది, ఆమె చేలో బావలు విత్తారు, పంట వాళ్లే తీసుకున్నారు. పైఏడు నా చేను నేను చేసుకుంటానంటే, ఎవరు విత్తితే వాళ్లదే కదమ్మా అన్నారట, ఊరు కూడా అదే మాట అన్నది. అత్త మా ఇంటికి వచ్చేసింది.

కొన్నాళ్లు మనిషి గడప దాటనే లేదని నాయన చెప్పేవాడు. తర్వాత ఒకరోజు, పక్క ఊళ్లో ఎవరో పసిబిడ్డ తల్లి అలాగే మూలన కూర్చుందని వేరుశెనక్కాయలు ఒలిచే ఆడవాళ్ల నోట విని, ఎవరికీ చెప్పకుండా నడిచి వెళ్లి, ఆ గదిలోనే ఆమె పక్కన ఒక పూటంతా ఊరికే కూర్చుని వచ్చిందట. అప్పటినుంచి అదే ఆమె పని అయిపోయింది. కర్మలు అయ్యేదాకా ఆగడం, తర్వాత పోయి మూలన కూర్చోబెట్టిన ఆ ఇంటి కోడలిని చేయి పట్టుకుని పట్టపగలు బయటికి నడిపించడం, వాన పడగానే ఆమె చేలో ఆమె చేతనే విత్తించడం. వస్తాండాదప్పా లాయరమ్మ అని అరుగుల మీది మగవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లకూ కాస్త భయమే.

నేను అప్పుడు అనంతపురంలో ఒక కుట్టు దుకాణంలో పని చేసేదాన్ని. బడి మధ్యలోనే ఆగిపోయినా, పని దిగాక గ్రంథాలయం తలుపులు మూసేదాకా చేతికి దొరికిందల్లా చదివేదాన్ని, నాకు తెలిసిన నాలుగు ముక్కలూ ఆ బల్లల దగ్గర నేర్చుకున్నవేనని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. అక్కడే ఒక చట్టం పుస్తకంలో, వీలునామా రాయకుండా పోయిన మనిషి ఆస్తిలో అతని భార్యకూ, బిడ్డలకూ, తల్లికీ సమానంగా వాటా వస్తుందని చదివి ఆదివారం ఊరికి పోయి అత్తకు చెప్పాను. ఆమె బువ్వ కలపడం ఆపి మళ్లీ చెప్పమన్నది. తల్లికి కూడానా అని రెట్టించి అడిగింది.

ఆ తొలకరికే శింగనమల చెరువు అవతలి ఊళ్లో ఒక చిన్నకోడలు మూలగదిలో ఉంది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నాక భర్త వంతుకు వచ్చిన చేనే ఆమెకూ చంకలోని బిడ్డకూ దిక్కు. వాన వెలవగానే బావ ఆ చేలోకి తన ఎద్దులు తోలాడని కబురు వచ్చింది. అతను విత్తేస్తే ఆ పిల్లకూ మా అత్త గతే. ఆ రోజు ఊళ్లోనే ఉన్న నన్ను వెంటబెట్టుకుని అత్త బయలుదేరింది. మేం గదిలోంచి తీసుకొస్తుంటే ఆ పిల్ల అరచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆ ఎండ, తడి నేల మీంచి లేచే ఆవిరి, ఆవిరిలో తేలుతున్నట్టు నిలబడిన ఎద్దులు, అంతా నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉంటుంది.

గట్టు మీద విత్తనాల గంప ఉంది. దాని పక్కన ఆ పిల్ల అత్తగారు, ఆమె కూడా చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి, గంపను తాను ముట్టకుండా కాపలా కూర్చుంది. మమ్మల్ని చూసి బావ విత్తే గొర్రు ఆపాడు.

"ఏమక్కా, నీ చేను పోగొట్టుకున్నది చాలక మా మీద పడినావా? ముండమోసిన చెయ్యి పడితే ఇత్తు మొలుస్తాదా?"

మా అత్త గొంతు పెంచలేదు. "మీ యమ్మ ముండమోసినాకనే గదప్పా నిన్ను సాకింది. ఆ చేత్తో పెట్టిన బువ్వకు నువ్వు ఇంత పెరిగినావు, ఇత్తు పెరగదా?"

పక్క చేలో ఎవరో ఆపుకోలేక నవ్వారు. అత్త నా వీపు మీద చెయ్యి వేసి, చదివింది చెప్పమన్నది. నాకు పుస్తకం భాషే బయటికి వచ్చింది, అయినా భార్యకు, బిడ్డకు, తల్లికి అని పూర్తిగా చెప్పాను. ముసలమ్మ తల ఎత్తి, నాకు గూడానా అని అడిగింది. నీక్కూడా అవ్వా అన్నాను. ఆమె కొడుకు వైపు చూసింది. కొడుకు ఎద్దుల వైపు చూశాడు. ఆమె లేచి గంపలోకి రెండు చేతులూ పెట్టి, భర్త పోయిన నాటినుంచి తాకని విత్తనాన్ని దోసిట నిండా తీసి కోడలి ఒడిలో పోసింది.

"పోమ్మా. పదునారిపోతాది."

బావ గొణుక్కుంటూనే ఎద్దులను అదిలించాడు. ఆ పిల్ల గొర్రు వెనకాలే నడుస్తూ విత్తింది. ఆ ఏడు పంట అంతంత మాత్రమే, పూత మీద వాన ముఖం చాటేసింది, ముత్తయిదువలు విత్తిన పక్క చేలదీ అదే గతి. చేను మాత్రం ఆ పిల్ల చేతిలో నిలిచింది.

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ట్రాక్టరు వెనక పెట్టెలోంచి విత్తనం దానంతటదే సాళ్లలో పడిపోతుంది, ఏ చెయ్యి మంచిదో ఏది కాదో అడిగేవాళ్లు లేరు. అత్త అన్నేళ్లు పోట్లాడిన నమ్మకం ఓడిపోయిందో, పని లేక పక్కకు తప్పుకుందో నాకు తెలీదు. కాయలు ఒలిచేదీ యంత్రమే కాబట్టి ఆడవాళ్లు చాటల ముందు చేరి ఊళ్ల సంగతులు చెప్పుకునే పూటలు కూడా పోయాయి. ఇవాళ కూడా ఎక్కడో ఒక తలుపు వెనక ఒక పిల్ల కూర్చునే ఉంటుంది. ఆ సంగతి ఎవరి నోట ఎవరి చెవిన పడుతుందో, విన్నవాళ్లలో చేతి పని వదిలి లేచేదెవరో అని, వాన పడినప్పుడల్లా నాకు దిగులుగా ఉంటుంది.