పాలమూరు స్టేడియంలో ఆమేన్

మా సంఘపు హార్మోనియంలో ఎలుకలు కాపురం పెట్టి రెండేళ్లయింది. కీర్తన ఎత్తుకుంటే ముందు అవే అందుకునేవి. ఇంతలో పాలమూరులో కొత్తగా కట్టిన ఇండోర్ స్టేడియంలో భక్తిపాటల పోటీ ఉందనీ, ఏ మతంవారైనా పాడవచ్చనీ, గెలిస్తే కొత్త హార్మోనియం పెట్టె ఇస్తారనీ కబురు వచ్చింది. మా దానియేలు పాడాలని సంఘం తీర్మానించింది. బావి దగ్గర ఎద్దులతో మోట తోలుతూ పెంచుకున్న గొంతు అది. రెండు చెలకల అవతలికి వినబడుతుంది. సంఘపెద్దనని నన్ను ముందు నడవమన్నారు.

ఉదయం ఆరింటికి దేవరకొండలో బస్సెక్కాం, ఇరవై మందిమి. ఆరున్నరకు బస్సు కదిలింది. డ్రైవరు చాయ తాగడం కూడా ప్రయాణంలో భాగమేనట. దారిలో అందరినీ హెచ్చరించాను.

"పాట అయినంక చప్పట్లు కొట్టద్దు. మనిషిని పొగిడితే దేవుని మహిమ దొంగిలించినట్టే. తల వంచి ఆమేన్ అనుండ్రి, చాలు."

మా మందిరంలో ఎప్పుడూ అదే పద్ధతి. వెనుక సీటులో మేకపిల్లను ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయన అడిగాడు: "చప్పట్లు కొట్టద్దని మీ గ్రంథంల యాడున్నది సారూ?"

అధ్యాయం చెబుదామని నోరు తెరిచాను. జడ్చర్ల వచ్చేదాకా మనసులో వెతికాను. అక్కడ దిగాలి గనుక వెతకడం ఆపాను.

జడ్చర్ల స్టేషనులో దానియేలు తల్లి ఎస్తేరమ్మ జొన్నరొట్టెలు, ఉల్లికారం పంచింది. పదకొండింటి రైలు పన్నెండింటికి వచ్చింది. ఒంటిగంటకల్లా స్టేడియం ముందున్నాం.

దేవుడు ఉచితంగా ఇచ్చిన ఆకాశాన్ని రేకులతో కప్పేసి, లోపలికి పోవడానికి అర్ధరూపాయి టికెట్టు పెట్టారు. నాగరికత అంటే ఇదే కాబోలు. చుట్టూ మెట్లుమెట్లుగా బెంచీలు, నడుమ నున్నటి చెక్క నేల, పైన పెద్ద పంకాలు. పొద్దున అదే నేల మీద కుస్తీ జరిగిందట. మేం వెళ్లేసరికి ఒకాయన తహసీల్దారులా దగ్గుతూ, గాడిదలా ఓండ్రపెడుతూ జనాన్ని నవ్విస్తున్నాడు. ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టమైంది. నేను నవ్వలేదు. ఎస్తేరమ్మ మాత్రం పడి పడి నవ్వింది.

మూడింటికి పోటీ మొదలైంది. మైకు ఆయన నియమం చెప్పాడు: "ఎవలకు చప్పట్లు జోరుగ పడ్తే పెట్టె వాళ్లదే!"

మావాళ్లంతా నా ముఖం చూశారు. లోకం పెట్టిన నియమానికి నేను లొంగుతానా? కళ్లు మూసుకున్నాను.

దానియేలు పాడాడు. పక్క బెంచీ ఆయన బీడీ కోసం గీసిన అగ్గిపుల్లను వేలు కాలేదాకా అలాగే పట్టుకున్నాడు. పాట ముగిసింది. మావాళ్లు తలలు వంచి, మెల్లగా ఆమేన్ అన్నారు. చుట్టుపక్కల జనం అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు. మా వంచిన తలలు చూసి ఏదో ప్రార్థన జరుగుతోందనుకుని, పాపం, మర్యాదగా ఆపేశారు.

తరువాత ఒక భజన బృందం వచ్చింది. వాళ్లకు రెండుసార్లు తాళం తప్పింది. వాళ్ల ఊరివాళ్ల చేతులు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. పెట్టె వాళ్లెత్తుకుపోయారు.

ఐదింటి రైలుకు తిరుగుముఖం పట్టాం. జడ్చర్లలో బస్సెక్కాక మావాళ్లు మైకు ఆయనను, పంకాలను, చివరికి సాతానును కూడా తిట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. సంఘపెద్దకు ఈ సౌకర్యం ఉంటుంది. సాతాను ఆ రోజు పాలమూరుకు రావలసిన పనే లేదని నాకు తెలుసు. అతని పని నేను చేసిపెట్టాను.

కల్వకుర్తి దాటాక దానియేలు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. అప్పుడు అన్నాను: "తప్పు నాదే, ఎస్తేరమ్మా."

"ఎరికే పెద్దయ్యా," అంది. "కన్నదాన్ని గద, కొట్టనీకి చేతులు లేసినయి. నిన్ను జూసి కొంగు కింద పెట్టుకున్న."

చూడబోయేవారికి చెబుతున్నాను: స్టేడియం బాగుంది, మంచినీళ్లు దొరుకుతాయి, బెంచీలకు మేకులు తేలలేదు. దేవరకొండలో దిగేదాకా నేను ఆమె చేతులవైపు చూడలేదు.